ఎండ వెంట జరిగిన పెట్టె

మా ముందుగదిలోకి ఎండ ఏడున్నరకి వస్తుంది. మొదట వెనకగోడ మీద, దేవుడి పటాల కింద పడుతుంది. అక్కణ్ణుంచి నేల మీదికి దిగి, మామగారి పడక్కుర్చీ దగ్గర కాసేపు ఆగుతుంది. తొమ్మిదిన్నరకి గుమ్మం వైపు వెనక్కి తగ్గి, పదిన్నరకల్లా గడప దాటి వసారాలోకి వెళ్ళిపోతుంది.

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన పదకొండేళ్ళ దాకా నాకు ఈ సంగతి తెలియదు. అవ్వ వల్ల తెలిసింది. కూర్చోబెట్టి చెప్పిందేమీ లేదు. చెక్కపెట్టె అంచు రెండు చేతులతో పట్టుకుని, నడుం వంచి, జానెడు జానెడు జరుపుతూ తనలో తను అనుకునేది.

"బిసిలు జరిగింది. మనం గూడ జరగాలె."

ఎండని కన్నడంలో బిసిలు అనేది. నీడని మాత్రం తెలుగులో నీడే అనేది. తొందరపెట్టాలంటే ఉర్దూలోకి మారిపోయేది. ఏ మాట ఏ భాషదో ఆవిడ ఎప్పుడూ ఆలోచించలేదు, నోటికి ఏది బాగుంటే అది వాడుకునేది.

పోయిన వారం ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "మా అవ్వ పోయిందక్కా" అంది. అటువైపు వాళ్ళు అమ్మనే అవ్వ అంటారు. నేను వయసు చూసి అవ్వ అన్నాను, ఆవిడ నన్ను బిడ్డా అంది. ఇద్దరం ఎప్పుడూ వరస సరిచూసుకోలేదు.

మాది పోతనాళకి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న క్యాంపు. తుంగభద్ర కాలువ నీళ్ళు చూసుకుని కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్న వాళ్ళ ఊళ్ళని ఇక్కడ క్యాంపులనే అంటారు. వచ్చి ఎన్నేళ్ళయినా, ఎన్ని మేడలు కట్టినా క్యాంపే. అవ్వది అరకేర పక్క మెట్ట పల్లె. నాట్లకి ముఠాతో వచ్చి, నడుం వంగక నాట్లు మానేసి, మా గేదెల కొట్టం పక్క గదిలో ఉండిపోయింది. గిన్నెలు తోమేది, బియ్యం ఏరేది, ఎవరు ఏం చేసినా పక్కన నిలబడి చూసేది. ఓటరు కార్డు మీద ఆవిడకో పేరుంది. ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూసేది, ఎవరినో పిలుస్తున్నారని.

ఆవిడ దగ్గర ఒక విచిత్రమైన అలవాటు ఉండేది. ఏది కనబడినా బొటనవేలితో నొక్కి చూసేది. వంకాయ, కొత్త పరుపు, మా అమ్మాయి బుగ్గ, అప్పుడే సిమెంటు మెత్తిన కొట్టం గోడ, అన్నీ ఒకటే ఆవిడకి. ఒకసారి మామగారు కొత్త చెప్పులు కొనుక్కొస్తే వాటినీ నొక్కింది. "గట్టిగున్నయి" అంటే ఇక దానికి మించిన మెచ్చుకోలు లేదు. మెత్తగా తగిలితే పెదవి విరిచి చెయ్యి పైటకి తుడుచుకునేది. కంట్లో శుక్లాలు పెరిగి కనుపాపల మీద పాలమీగడ కట్టిన దగ్గర్నుంచీ ఆ వేలే ఆవిడకి కన్ను.

తాబేలు మట్టిలో వచ్చింది. వాకిలి ఎత్తు చేయడానికి మావారు గుట్ట పక్కనుంచి ట్రాక్టరు ఎర్రమట్టి తోలించారు. కుప్ప దించాక గడ్డలు పగలగొడుతుంటే నిమ్మకాయంత పిల్ల బయటపడింది. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు, చుక్కలు. ముందుగదిలో ఈశాన్యం మూల మామగారు ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి ఇత్తడి తాబేలుని పెట్టుకున్నారు. వాస్తుకి మంచిదని ఎవరో చెబితే అలా పెట్టుకున్న వాళ్ళు మా క్యాంపులో చాలామంది. ఈ పిల్లని చూడగానే ఆయన ఇత్తడిదాన్ని తీసి అటక మీద పడేశారు.

"అది కదలదు, ఇది కదుల్తుంది. ఇంకా మంచిది కదా" అన్నారు.

అలా ఆ పిల్ల పళ్ళెంలో మెడలోతు నీళ్ళలో పడింది. రోజూ పెరుగన్నం మెతుకులు వేసేవాళ్ళం. శుక్రవారం డిప్పకి పసుపు రాసి బొట్టు పెట్టేవాళ్ళం. బొట్టు పెట్టింది నేనే, ఎవరి మీదికీ తోయను. కాలువ పక్క పుట్టి పెరిగినవాళ్ళం, మాకు తెలిసిన తాబేళ్ళన్నీ నీళ్ళలోవే. నీళ్ళు ఎక్కువైతే చెడేది కూడా ఉంటుందని మాకు తట్టనే లేదు.

మూడు వారాలు ఊరికి పోయి తిరిగొచ్చిన అవ్వ పళ్ళెం ముందు గొంతుక్కూర్చుంది. పిల్లని తీసి అరచేతిలో పెట్టుకుని డిప్ప మీద వేలు ఆనించింది. డిప్ప లోపలికి దిగింది, నానిన అట్టముక్కలా. అవ్వ మొహం చూసి నాకు భయమేసింది.

"ఏందమ్మా గిది? దీన్ని నీళ్ళల్ల ఏసిండ్రేంది?"

"తాబేలు కదవ్వా" అన్నాను.

"తాబేలే. గని గుట్టమీది తాబేలు. నీళ్ళు తాగుతది, నీళ్ళల్ల ఉండదు. నిన్ను తీస్కపోయి కాల్వల గూసోబెడ్తె ఉంటవా?"

మామగారు పేపరు దించారు. "ఏంటమ్మా నీ గొడవ? తాబేలుని నీళ్ళల్లో కాక పొయ్యిమీద పెడతారా?"

అవ్వ పైట చెంగుతో పసుపు, కుంకుమ తుడిచి, తుడిచినంతసేపూ పిల్లతోనే మాట్లాడింది. "నీకు పెండ్లి జేసిండ్రా సాబూ? అడగకుంటనే జేసిండ్రా?" అంది. అప్పటినుంచీ దాని పేరు సాబు.

తర్వాత నాలుగు రోజులు మా ఇంట్లో దొంగాట నడిచింది. అవ్వ పిల్లని తీసి పొడి గంపలో పెట్టేది. మామగారు అటూ ఇటూ చూసి మళ్ళీ పళ్ళెంలో వేసేవారు. అయిదో రోజు పిల్ల ముక్కులోంచి నీటి బుడగ వచ్చింది, కళ్ళు మూసుకుంది. ఆ సాయంత్రం మామగారు వెనకగదిలోకి వెళ్ళి చెక్కపెట్టె లాక్కొచ్చారు. కోస్తా నుంచి వచ్చేటప్పుడు బట్టలు సర్దుకున్న పెట్టె అది. మూత ఎప్పుడో పోయినా ఎవర్నీ తాకనిచ్చేవారు కాదు. దాన్ని అవ్వ ముందు పెట్టి మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు.

అవ్వ ఆ పెట్టెలో గుట్ట కట్టింది. ఎర్రమట్టి జల్లించి ఎండబెట్టి పరిచింది. ఒక పక్క పొడిగా ఉంచి, ఒక మూల మాత్రం వేళ్ళతో నీళ్ళు చిలకరించేది. పగిలిన పెంకు బోర్లించి దాక్కోవడానికి గుహ చేసింది. ఎండ పడేచోట చదునైన నాపరాయి ముక్క ఒకటి పెట్టింది. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు మూకుట్లో గడ్డం తడిసేంత పోసి సాబుని పది నిమిషాలు కూర్చోబెట్టేది, తరవాత తుడిచి పొడిమట్టిలోకి దించేది. పెరుగన్నం బంద్. కోడిగుడ్డు పెంకు కాల్చి నూరి, ఆ పిండి ఆకుల మీద చల్లేది.

ఆకుల దగ్గర మాకు నిజంగా తల కొట్టేసినట్టయింది. మా పొలం గట్ల మీద కావలసినంత పచ్చగడ్డి ఉంది కదా అని నేను గంపెడు కోసుకొచ్చాను. అవ్వ వాసన చూసి పక్కన పడేసింది.

"మందు కొట్టిన గట్లు గివి. నాలుగు దినాలు తింటె సాబు ఉండడు."

కనుచూపు మేర పచ్చదనం, అందులో ఆ నిమ్మకాయంత జీవికి పెట్టడానికి ఒక్క పిడికెడు లేదు. ప్రతి ఆదివారం ఆవిడ బస్సెక్కి తన ఊరికి పోయి గరిక, గంగవాయిలి కూర, ముళ్ళు కాల్చిన నాగజెముడు ముక్కలు తడిగుడ్డలో చుట్టి తెచ్చేది. వయసెంతో తనకే తెలియని ముసలమ్మ ఆకుల కోసం బస్సులు మారేది. మావారు బండి మీద తీసుకెళతానంటే ఒప్పుకునేది కాదు, "బస్సుల అయితె నలుగురు కలుస్తరు" అనేది.

మావారు అటవీశాఖ ఆఫీసుకి కూడా కబురు చేశారు, ఈ చుక్కల తాబేలుని ఇంట్లో పెంచకూడదని ఎవరో చెప్పగా. గార్డు వచ్చి చూశాడు. "ఇప్పుడు వదిలితే కాకి పొడుచుకుపోతుంది. మా దగ్గర దీన్ని చూసేవాళ్ళు లేరు. డిప్ప గట్టిపడనీయండి, నేను వస్తుంటాను, అప్పుడు గుట్టకి వదులుదాం" అని రాసుకుని వెళ్ళాడు. అంటే అంతా ఆ డిప్ప గట్టిపడటం మీదే ఉంది.

దానికి ఎండ కావాలి. నేను పెట్టెని కిటికీ కింద పెట్టాను, అద్దంలోంచి వెలుగు బాగా పడుతుందని. అవ్వ నవ్వింది. "అద్దంల నుంచి వచ్చేది సూసేటందుకు బాగుంటది బిడ్డా, పనికి రాదు. తలుపు తీ" అంది. అప్పట్నుంచి మా తలుపు ఏడింటికే తెరుచుకునేది. పెట్టె వెనకగోడ దగ్గర మొదలయ్యేది. ఎండతో పాటు జరిగి, మామగారి కుర్చీ దగ్గరికి వచ్చేది. ఆయన విసుక్కుంటూ కాళ్ళు పైకెత్తేవారు. పెట్టె వాటి కిందనుంచి పోయేది. కొన్నాళ్ళకి అవ్వ ఇంకా రెండు జానల దూరంలో ఉండగానే ఆయన కాళ్ళు లేచేవి, కళ్ళు మాత్రం పేపర్లోనే ఉండేవి. పదిన్నరకి అందరం వసారాలో ఉండేవాళ్ళం. సాబు రాయి మీద మెడ చాచి కూర్చునేవాడు, అవ్వ కాకుల్ని అదిలిస్తూ పక్కనే కూర్చుని కళ్ళు మూసుకునేది. కాలువ నీళ్ళ చప్పుడు, దూరంగా ఎక్కడో ట్రాక్టరు, గాలికి ఊగే వరిమళ్ళు. ఆ పొద్దులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర వచ్చినట్టుంటుంది. ఇంట్లో పని ఎప్పుడు అయ్యేదో, ఎవరు చేసేవాళ్ళో గుర్తులేదు.

సాబు ముక్కు నీరు తగ్గింది, కాస్త తిన్నాడు. తరవాత ముసురు పట్టింది.

నాలుగు రోజులు ఎండ మొహం చూడలేదు. కోడిపిల్లలకి పెట్టినట్టు పెట్టె పైన బల్బు వేలాడదీశాను, కరెంటు ఉంటే కదా. కరెంటు పోయిన పగళ్ళలో అవ్వ సాబుని బొడ్డు దగ్గర చీర మడతలో పెట్టుకుని కదలకుండా కూర్చునేది. వాడు మళ్ళీ కళ్ళు మూశాడు, ఆకు ముట్టలేదు. డిప్ప అంచు మళ్ళీ మెత్తబడిందని అవ్వ వేలు చెప్పింది. పోతనాళ పశువుల డాక్టరు "వెచ్చగా ఉంచండి, ఇంతకంటే నాకు తెలియదు, నాకు గేదెలు తెలుసు" అన్నాడు, పాపం నిజం చెప్పాడు.

ఆ రోజుల్లోనే పోతనాళలో కంటి శిబిరం పెడుతున్నారని, టార్చి వేసి చూసి చీటీలు రాసిచ్చేవాళ్ళు వచ్చిపోయారు. అవ్వ ఆ చీటీ తెచ్చి నాకిచ్చింది. కన్నడంలో ఉంది.

"ఎన్నడంట? జర సూడు బిడ్డా."

ఎల్లుండి పొద్దున ఎనిమిదింటికి అని ఉంది. కింద ఇంకా ఉంది. ఆపరేషనయ్యాక నెల రోజులు వంగకూడదు, బరువు ఎత్తకూడదు, దుమ్ములో ఉండకూడదు. నేను పెట్టె వైపు చూశాను. పెంకు కింద సాబు తల లోపలికి లాక్కుని ఉన్నాడు. వాడికి ఆకులు ఎక్కడ దొరుకుతాయో, నీళ్ళు ఎంత వేడి చేయాలో, ఆ డిప్ప మెత్తగా ఉందో గట్టిగా ఉందో చెప్పగలిగిన వేలు మా ఇంట్లో ఒక్కటే.

"ఇంకా టైముందవ్వా. నేను చెప్తాగా" అన్నాను.

ఆవిడ ఆ మీగడకళ్ళతో కాసేపు నా వైపు చూసింది. "గట్లనా" అంది. సాబు డిప్ప నొక్కి చూసి మళ్ళీ చీర మడతలో పెట్టుకుంది. చీటీ నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని దేవుడి పటం వెనక పెట్టాను, అక్కడ పెడితే పాపం తగ్గుతుందనుకున్నానో ఏమో.

చీటీలో రాసిన రోజు పొద్దున నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. మిక్సీలో పచ్చడి వేశాను, అవసరం లేకపోయినా ఇంకోటి వేశాను. మధ్యలో గేటు దగ్గర ఏదో బండి ఆగినట్టయింది, పాలవాడనుకున్నాను. తొమ్మిదింటికి మబ్బు విడింది. ముందుగదిలోంచి అవ్వ కేకపెట్టింది. "బిసిలొచ్చింది! జల్దీ రా బిడ్డా!" నేను పరిగెత్తాను. సాబు రాయి మీద ఒక కన్ను తెరిచి ఉన్నాడు. గంగవాయిలి ఆకు అంచు కొరికాడు. మామగారు "ఒరేయ్, తింటున్నాడ్రా" అని మావారిని పిలిచారు. నేను ఏడ్చాను. అందరూ తాబేలు కోసమే అనుకున్నారు.

తరవాతి శిబిరానికి తీసుకెళదామనుకున్నాను. సంక్రాంతి దాటాక అవ్వ ఎడమకన్ను ఎర్రబడి, నొప్పితో తల పట్టుకుని పడుకుంది. రాయచూరు దవాఖానాలో డాక్టరు శుక్లం బాగా ముదిరిపోయి లోపల నరం పోయిందన్నాడు. "నాలుగు నెలల ముందు తీసుకురావాల్సింది" అని నన్నే చూస్తూ అన్నాడు. కుడికన్నుకి ఆపరేషను చేశారు. ఆవిడ ఆ కంటితో నన్ను చూసి మొదటిసారి "నువ్వు ఇంత చిన్నపిల్లవా" అంది.

ఆ నెలరోజులూ పెట్టె నేనే జరిపాను. చీటీ చదివిన రోజే నేర్చుకుని ఉంటే అయిపోయేది. నేర్చుకోవడానికి అందులో అంత బ్రహ్మవిద్య ఏమీ లేదు, తలుపు తీసి నడుం వంచాలి, అంతే.

మరుసటి ఏడాది తొలకరి పడ్డాక గార్డుతో కలిసి అవ్వ ఊరి వెనక గుట్టకి వెళ్ళాం. సాబు అప్పటికి అరచేయంత అయ్యాడు. దవాఖానా వాళ్ళిచ్చిన నల్లద్దాలు పెట్టుకుని అవ్వ రాళ్ళ మీద మాకంటే ముందు నడిచింది. పొద దగ్గర కూర్చుని ఆఖరుసారి డిప్ప మీద వేలు పెట్టి నొక్కింది, బలమంతా పెట్టి నొక్కింది.

"గట్టిగున్నడు" అంది.

సాబు నేల మీద కాసేపు ఆగి, మెడ చాచి, మా వైపు చూడకుండా గడ్డిలోకి నడిచాడు. మొదట చుక్కలు కనిపించాయి, తరవాత గడ్డి కదలడం కనిపించింది, తరవాత అదీ ఆగింది.

"వెనక్కి తిరిగి చూడనే లేదు అవ్వా."

"సూసేటందుకు యెనక ఏమున్నది? వాని ఇల్లు ముందల్నే ఉన్నది."

అప్పుడు చెబుదామనుకున్నాను. "అవ్వా, ఆ కంటి చీటీ..." అన్నాను. ఆవిడ చెయ్యి ఊపింది. "బిసిలు ఎక్కుతాంది, నడు." అంతే, చీర దులుపుకుని లేచింది. మాతో తిరిగి రాలేదు, కూతురి దగ్గర ఉండిపోయింది. రెండుసార్లు వెళ్ళి చూశాను. రెండుసార్లూ సాబు కబుర్లే చెప్పుకున్నాం.

మొన్న పలకరించడానికి వెళితే కూతురు టీ పెట్టింది. వాళ్ళమ్మ ఊళ్ళో అందరికీ గొప్పగా చెప్పుకునేదట, ఒక కన్ను తాబేలుకిచ్చిన, ఒకటి నాకుంచుకున్న అని. ఇక నేను ఆగలేకపోయాను. చీటీ సంగతి, నేను తారీకు దాచిన సంగతి ఆ పిల్ల ముందు కక్కేశాను.

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"మా అవ్వకు తెల్సక్కా. మా ఊరోళ్ళమందరం ఆ దినం ఆటోల పోతనాళకే పోయినం. పోతా పోతా మీ గేటు తాన ఆపి పిలిస్తిమి. మా అవ్వ ఆ తాబేలును సీరల పెట్టుకోని బయటికొచ్చింది. నేను రాను, మీరు పోండ్రి అన్నది. నేను కొట్లాడిన. ఇంట్లకొచ్చి నీకు చెప్త అన్న. చెయ్యి పట్టుకోని ఆపింది. ఆ బిడ్డకు చెప్పకు, నాకు తారీకు తెల్వదనుకుంటాంది, తెలిస్తె శరం పడ్తది అన్నది."

మిక్సీ చప్పుడులో నేను విన్న బండి అదే. ఈ మాట విన్నాక కాస్త తేలికపడాలి నిజానికి, ఆవిడ తనంతట తానే వెళ్ళలేదు కదా. పడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ నాకు తగలకుండా ఇన్నాళ్ళు కాసింది ఆ సిగ్గునే.

ఈ ఉదయం అటక మీంచి పెట్టె దించాను. అడుగున ఎర్రమట్టి ఇంకా అంటుకుని ఉంది. ఏడింటికి తలుపు తీశాను. ఏడున్నరకి వెనకగోడ మీద ఎండ పడింది, ఖాళీ పెట్టె దాని కింద పెట్టాను. ఎండ జరిగింది. నడుం వంచి నేనూ జానెడు జరిపాను. మామగారు పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు. పెట్టె ఇంకా రెండు జానల దూరంలో ఉండగానే, ఏమిటని అడక్కుండా, ఆయన కాళ్ళు పైకెత్తారు.